గల్ఫ్‌లో ఫస్టియర్ రైటింగ్ క్లాసు: అరబ్ విద్యార్థి వ్యాసాన్ని ఎలా చదవాలి, ఎలా దిద్దాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: హైదరాబాద్ ఇఫ్లూలో ఎం.ఏ. చేశారు, షార్జాలో అమెరికన్ పద్ధతి యూనివర్సిటీలో ఫస్టియర్ రైటింగ్ కోర్సు చెప్పబోతున్నారు. వాళ్లు పంపిన నమూనా వ్యాసాల్లో ఉపోద్ఘాతమే ముప్పాతిక పేజీ, థీసిస్ (వ్యాసం వాదించే ముఖ్య వాక్యం) ఎక్కడుందో కనపడదు, చెప్పిందే మూడుసార్లు, సోర్సుల ఊసే లేదు. "వీళ్లకి రాయడం రాదా, నాకు చదవడం రాదా?" అని అడిగారు.

రెండోదానికే అవకాశం ఎక్కువ. కనీసం మొదటి నెల అలా అనుకుని పనిచేయండి, నష్టం లేదు.

ట్రైనింగ్‌లో మీకు మొదట వినపడే పేరు రాబర్ట్ కాప్లాన్. 1966లో ఆయన ఒక వ్యాసంలో ఐదు గీతల బొమ్మలు వేశారు. ఇంగ్లీషు ఆలోచన నిటారు బాణం, తూర్పు ఆసియావాళ్లది సుడి, సెమిటిక్ భాషలవాళ్లది (అరబ్బీ, హీబ్రూ వంటివి) పక్కపక్కనే సాగే సమాంతర గీతలు. బొమ్మ చూడ్డానికి బాగుంటుంది, అందుకే అరవై ఏళ్లుగా పోవట్లేదు. చిక్కేమిటంటే, ఆయన చూసింది విదేశీ విద్యార్థులు ఇంగ్లీషులో రాసిన వ్యాసాలను, అరబ్బులు అరబ్బీలో రాసినవాటిని కాదు. సమాంతర వాక్యాలకు ఉదాహరణేమో బైబిల్ పాత నిబంధన ఇంగ్లీషు అనువాదం నుంచి తెచ్చారు. దీనికంటే 1983లో బార్బరా జాన్‌స్టన్ వాదించిన విషయం క్లాసులో పనికొస్తుంది. అరబ్బీ వాదనలో ఒకే మాటను మార్చి మార్చి చెప్పడం వట్టి అలంకారం కాదు, ఒప్పించే పద్ధతే అదీ అని. మీరు పుల్ల అనుకుని తీసేయబోయే వాక్యం అక్కడ బరువు మోస్తున్న దూలం కావచ్చు.

ఇంకో సంగతి తెలుగువాళ్లకు చెప్పకుండానే అర్థమవుతుంది. వాళ్లు ఇంట్లో మాట్లాడే అరబ్బీ వేరు, బళ్లో రాసే ఫుస్‌హా వేరు. 1959లో ఫెర్గూసన్ 'డైగ్లోసియా' గురించి రాసినప్పుడు తీసుకున్న నాలుగు ఉదాహరణల్లో అరబ్బీ ఒకటి. గిడుగు రామమూర్తి గారి పోరాటం గెలవకుండా ఉండి ఉంటే మనం ఇప్పుడు ఎలా రాస్తుండేవాళ్లమో ఊహించుకోండి, అదే వాళ్ల పరిస్థితి. రాత అంటేనే బరువైన భాష అనే లెక్క చిన్నప్పుడే ఎక్కుతుంది, అదే లెక్క ఇంగ్లీషులోకీ వస్తుంది. 'సిన్స్ ద డాన్ ఆఫ్ టైమ్' అని మొదలయ్యే వ్యాసాలు అక్కడి నుంచే పుడతాయి. (మన పదో తరగతి వ్యాసాలు 'మానవుడు సంఘజీవి' అని ఎందుకు మొదలయ్యేవో గుర్తుచేసుకోండి.)

అయితే క్లాసులో అందరూ ఈ అచ్చులో ఇమడరు. కొందరు చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియమే, అరబ్బీలో ఒక పేజీ రాయమంటే తడబడతారు. పక్క బెంచీలో కేరళ పిల్లవాడో మన తెలుగు పిల్లో ఉంటారు. కాబట్టి మొదటి రోజే ఒక చీటీ మీద మూడు ప్రశ్నలు అడగండి: బడి చదువు ఏ భాషలో సాగింది, చివరిసారి ఒక పూర్తి పేజీ ఏ భాషలో రాశారు, అది ఎవరు చదివారు. మూడో ప్రశ్నకు 'టీచర్ ఒక్కరే' అన్న జవాబు ఎక్కువగా వస్తే, ముందు పాఠకుడంటే ఎవరో నేర్పాలి, థీసిస్ సంగతి తర్వాత.

ఇప్పుడు దిద్దడం. విషయం: 2022 జనవరి నుంచి యూఏఈ వారాంతాన్ని శని, ఆదివారాలకు మార్చింది, ప్రభుత్వ ఆఫీసులకు శుక్రవారం మధ్యాహ్నం దాకా పని. షార్జా మాత్రం శుక్ర, శని, ఆది మూడు రోజులూ సెలవిచ్చింది. దీని మీద వచ్చే పారాగ్రాఫ్ ఇంచుమించు ఇలా ఉంటుంది:

"వారాంతం కుటుంబానికి ఎంతో ముఖ్యం. కుటుంబం సమాజానికి పునాది, కుటుంబం లేని సమాజం పునాది లేని ఇల్లు. మన తాతల కాలంలో శుక్రవారం అందరూ ఒకచోట కూర్చుని తినేవారు, మాట్లాడుకునేవారు, ఒకరి కష్టం ఒకరు వినేవారు. ఇప్పుడు జీవితం వేగంగా మారింది, అందరికీ తీరిక కరువైంది. విశ్రాంతి లేనిదే మనిషి పనిచేయలేడు. కాబట్టి మిగతా ఎమిరేట్లు కూడా షార్జాలాగే మూడు రోజుల సెలవు ఇవ్వాలి."

అలవాటు ప్రకారం మార్జిన్‌లో 'థీసిస్ ఏది?', 'రిపిటిషన్', 'ఆఫ్ టాపిక్' అని రాస్తే, రెండో డ్రాఫ్ట్ రెండు వాక్యాలకు కుదించుకుని వస్తుంది. మీరు కొట్టమన్నవి కొట్టేశారు మరి. బదులుగా ఇలా చేయించండి. వాక్యాలకు నంబర్లు వేయమనండి, ఆరు వస్తాయి. 'ఎవరైనా కాదనగలిగిన వాక్యం ఏది?' అని అడగండి. ఒకటి, రెండు, నాలుగు, ఐదులను ఎవరూ కాదనరు. ఆరును కాదనొచ్చు. అదే థీసిస్, దాన్ని తీసి నెత్తిన పెట్టమనండి. ఆ నాలుగింట్లో ఒకటే ఉంచమనండి, ఏది ఉంచాలో వాళ్లే తేల్చుకోవాలి.

ఇక మూడో వాక్యం. 'తాతల కాలం' అనగానే ఆఫ్ టాపిక్ అనిపిస్తుంది, కానీ పారాగ్రాఫ్ మొత్తంలో లోకం కాస్త కనపడేది అక్కడే. దాన్ని కొట్టించకుండా 'ఇప్పుడు మీ ఇంట్లో శుక్రవారం గంట గంటకీ ఏం జరుగుతుంది?' అని అడగండి. దుబాయ్ ఆఫీసులో పన్నెండింటి దాకా పని, శుక్రవారం నమాజు, ఆ తర్వాత ట్రాఫిక్‌లో ఇంకో ఎమిరేట్‌లోని తాతగారింటికి, చేరేసరికి భోజనాలు అయిపోయి ఉంటాయి. ఇప్పుడది సాక్ష్యం. అమెరికన్ టెక్స్ట్‌బుక్కులు అడిగే ఎవిడెన్స్ ఇదే, విద్యార్థి దగ్గర ముందే ఉంది.

ఇక్కడ మామూలుగా దొర్లే తప్పులు రెండు. ఆరో వాక్యం పైకి వెళ్తుంది గానీ దాని ముందున్న 'కాబట్టి' కూడా అంటుకుని వెళ్తుంది. పైగా కిందివన్నీ ఇంకా దాని వైపే మెట్లెక్కుతూ ఉంటాయి, అంటే తలుపు తీశాక కూడా కొడుతూనే ఉంటారు. అందుకే వాక్యం జరిపాక కలిపే మాటలన్నీ ఎర్ర పెన్నుతో గీయించి కొత్తగా పెట్టించండి. రెండోది: థీసిస్ అంటే ప్రకటన అనుకుని 'ఈ వ్యాసంలో వారాంతం గురించి చర్చిస్తాను' అని రాయడం. కాదనగలిగే వాక్యం కావాలన్న పరీక్షలో అది నిలబడదు, వేరే వివరణ అక్కర్లేదు.

ఒక మాట మాత్రం క్లాసులో పైకే చెప్పండి. థీసిస్ ముందు పెట్టడం అమెరికన్ కాలేజీ ఆచారం, సత్యాన్వేషణకు ఏకైక మార్గమేం కాదు. అవతల ఉన్నది చేతిలో నలభై పేపర్లతో చదివే పాఠకుడు. ఈ మాట చెప్పకపోతే తమ భాష తప్పని చెబుతున్నారనుకుంటారు, ఆ తర్వాత మీరేం చెప్పినా దిగదు.

ఎదుటి వాదన నేర్పడానికి కొత్త పరికరం అక్కర్లేదు. పాత అరబ్బీ శాస్త్ర గ్రంథాల్లో 'ఫ ఇన్ ఖీల' అంటే 'అలా కాదని ఎవరైనా అంటే', 'ఖుల్నా' అంటే 'మేమనేది ఏమంటే'. మన పూర్వపక్షం, సిద్ధాంతం లాంటిదే. ఈ రెండు మాటలూ బోర్డు మీద రాయండి. అరబ్బీ బాగా వచ్చినవాళ్లు వెంటనే పట్టుకుంటారు. ముందు అరబ్బీలోనే ఒక వాక్యం రాయించి, తర్వాత ఇంగ్లీషులోకి రానివ్వండి. కొలత చెప్పకపోతే ఎదుటివాడికి ఒక్క బలహీనమైన వాక్యం ఇచ్చి పడగొట్టేస్తారు. కాబట్టి అవతలి పక్షానికి నాలుగు వాక్యాలు, జవాబుకు మూడు అని పెట్టండి. ఆ నాలుగూ చదివి అవతలివాడు 'అవును, నేననేది అదే' అనాలి.

సైటేషన్ (సోర్సు పేరు చెప్పడం) దగ్గర ఎక్కువ సమయం కేటాయించండి. 'వాళ్ల సంస్కృతిలో ప్లేజరిజం అనే ఊహే లేదు' అని స్టాఫ్ రూమ్‌లో ఎవరో ఒకరు అంటారు, నమ్మకండి. కవుల మధ్య భావచౌర్యాన్ని అరబ్బీ విమర్శకులు 'సరిఖా' పేరుతో వందల ఏళ్ల కిందటే చర్చించారు. పదకొండో శతాబ్దంలో అబ్దుల్ ఖాహిర్ జుర్జానీ ఏది అందరి సొత్తు, ఏది ఒకరి సొత్తు అని విడదీసి చూశారు. హదీసుకు (ప్రవక్త మాటల, చేతల కథనానికి) ఇస్నాద్ ఉంటుంది: ఫలానావారు మాకు చెప్పారు, ఆయనకు ఫలానావారు చెప్పారు అనే గొలుసు. అందులో ఒక లింకు నమ్మదగ్గది కాకపోతే మాట బలం తగ్గుతుంది. సోర్సు పేరు ఎందుకు రాయాలో దీనికన్నా గట్టి ఉపమానం దొరకదు. కానీ అది మీరు చెప్పకండి, విద్యార్థుల్లో ఎవరినైనా వివరించమనండి. బయటివాళ్లు మత విషయాన్ని ఉపమానంగా వాడితే కొందరికి నొచ్చుతుంది, తప్పు దొర్లితే సర్దుకోవడం కష్టం.

మరి కాపీ ఎందుకు జరుగుతుంది? ఎక్కువగా మన ఊళ్లో జరిగే కారణాలకే: చివరి రాత్రి, చాలని పదసంపద, 'ఆయన నాకంటే బాగా రాశాడు కదా' అనే భయం. దానికి అభ్యాసం: 150 పదాల సోర్సు పేరా ఇవ్వండి, రెండుసార్లు చదివాక కాగితం బోర్లించాలి. గుర్తున్నది నాలుగు వాక్యాల్లో రాయాలి. మళ్లీ తిప్పి, సోర్సుతో వరసగా నాలుగు పదాలు కలిసిన చోటల్లా గీత గీయాలి. ఇది ఇరవై నిమిషాల పని. మొదటి మూడు వారాల్లో నాలుగైదుసార్లు చేయిస్తే చాలు. సామెతలు, పద్యపాదాలు పేరు లేకుండా వస్తే అది దొంగతనం కాదు, పాఠకుడికి తెలుసులే అన్న మర్యాద. అమెరికన్ పాఠకుడికి తెలియదని చెప్పి పేరు రాయించండి.

టర్నిటిన్ (కాపీని పట్టే సాఫ్ట్‌వేర్) చూపే శాతం చూసి తీర్పు ఇవ్వకండి. సోర్సుల జాబితా, ప్రశ్నపత్రంలోని వాక్యాలు కూడా అందులో కలుస్తాయి. 2023లో వచ్చిన ఏఐ గుర్తింపు మీదైతే అసలే ఆధారపడొద్దు, రెండో భాషలో పొదుపుగా రాసేవాళ్ల వాక్యాలను ఇలాంటి పరికరాలు మెషీన్ రాతగా పొరబడొచ్చు. గూగుల్ డాక్స్ వెర్షన్ హిస్టరీ, చేత్తో రాసిన మొదటి డ్రాఫ్ట్, పది నిమిషాల ముఖాముఖి ఉంటే నిజం తేలిపోతుంది.

వ్యాకరణం గురించి కొద్దిగానే. వర్తమానంలో అరబ్బీకి 'ఈజ్' అక్కర్లేదు, 'హి టీచర్' అలా వస్తుంది. మనకూ 'ఆయన టీచరు' చాలు కదా. 'ద బుక్ దట్ ఐ రెడ్ ఇట్'లో ఆ చివరి 'ఇట్' అరబ్బీ నియమమే. 'ద లైఫ్ ఈజ్ హార్డ్'లో 'ద' అంటే 'అల్'. అరబ్బీలో పెద్దక్షరాలు లేవు, 'వ' అనే అక్షరం మనం 'మరియు' అనేదాని పనితో పాటు ఫుల్‌స్టాప్ పని కూడా చేస్తుంది, అందుకే కామాలతో అరపేజీ వాక్యాలు. ఒక డ్రాఫ్ట్‌లో ఒక రకం తప్పే దిద్దండి. అన్నీ ఎర్రగా చేస్తే ఏదీ చదవరు.

టాపిక్కులు ఎంచేటప్పుడు పాలకుల మీద, మతం మీద తీర్పు చెప్పాల్సినవి ఇవ్వకండి. ఆన్‌లైన్‌లో రాసిన మాటకు అక్కడి చట్టాలు కఠినం, కాబట్టి విద్యార్థుల వ్యాసాలు బయటికి కనపడే చోట పెట్టించకండి. అలాగని రీసైక్లింగ్, సోషల్ మీడియా అంటే వాళ్లూ నిద్రపోతారు, మీరూ నిద్రపోతారు. వారాంతం మార్పు, ఒంటె పందేల్లో పిల్లల స్థానంలో వచ్చిన రోబో జాకీలు, 2015లో యునెస్కో జాబితాకెక్కిన మజ్లిస్‌లో (అతిథులు కూర్చుని మాట్లాడుకునే చోట) ఎవరు ఎక్కడ కూర్చుంటారు, షాపు బోర్డుల మీద అరబ్బీ అనువాదాలు బాగా నడుస్తాయి.

మిమ్మల్ని 'డాక్టర్' అనో 'మిస్' అనో, పక్కన పేరు పెట్టి పిలుస్తారు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ముందుంటే దాన్నే మీ పేరనుకుంటారు, మొదటి రోజే బోర్డు మీద రాయండి. పీర్ రివ్యూకి (ఒకరి డ్రాఫ్ట్ ఒకరు చదవడానికి) అబ్బాయిలను, అమ్మాయిలను మీరే జతచేయకండి, ఎంచుకోనివ్వండి. మార్కుల కోసం బేరం తప్పదు. రూబ్రిక్‌లో (మార్కుల పట్టికలో) థీసిస్‌కి ఎన్ని, సాక్ష్యానికి ఎన్ని, రివిజన్‌కి ఎన్ని అని అంకెలు ముందే ఉంటే బేరం ఐదు నిమిషాల్లో ముగుస్తుంది. రివిజన్‌కి కనీసం నాలుగో వంతు పెట్టండి, లేకపోతే రెండో డ్రాఫ్ట్ అంటే స్పెల్లింగులు మార్చడమే అవుతుంది. రంజాన్‌లో పని గంటలు తగ్గుతాయి, రాత్రి 11:59 డెడ్‌లైన్ సరిగ్గా ఇంటిల్లిపాదీ మేలుకుని కలిసి ఉండే వేళలో పడుతుంది, మధ్యాహ్నం రెండుకు మార్చండి. ఈద్ తేదీ నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. ఆ వారంలో ఏ డ్రాఫ్టూ పెట్టకండి.