వరి ఆకుల మీద ఇటుక రంగు మచ్చలు: ఇంకో బస్తా డీఏపీ వేయాలా?

అన్నా, ఆ బస్తా విప్పకండి. హన్మకొండ దిక్కు నల్లరేగడిలో యాసంగి నాటు వేసి 25 రోజులైందన్నారు. ఎకరానికి రెండు బస్తాల డీఏపీ, దానిమీద యూరియా కూడా పడ్డదన్నారు. అయినా పచ్చబడక, మచ్చలొచ్చి, పిలకలు ఆగిపోయినయంటే ఎక్కువ అనుమానం జింక్ లోపం మీదనే.

ముందు రూఢి చేసుకోండి. ముదురాకుల్లో నడిమి ఈనెకు రెండు పక్కలా తుప్పు మచ్చలు, వంచితే పెళుసుగా విరిగే ఆకు, గిడసబారిన దుబ్బు ఉంటే జింకే. మచ్చల్లేకుండా ముదురాకు మొత్తం పసుపెక్కితే నత్రజని తక్కువైనట్టు. కొత్తాకు తెల్లబారితే ఇనుము. ఒక దుబ్బు పీకి వేరు కూడా చూడండి. వేర్లు నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన కొడితే నీళ్లు తీసేసి, సన్న నెర్రెలు వచ్చేదాకా మడి ఆరబెట్టడమే మొదటి పని. అది చేయకుండా ఏ ఎరువు చల్లినా ఆ వేరు తీసుకోలేదు.

ఇక డీఏపీ లెక్క. 50 కిలోల బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. వరికి ఎకరానికి 24 కిలోల భాస్వరం చాలు, అంటే ఒక్క బస్తా. మీ పొలంలో 46 పడ్డది. భాస్వరం ఎక్కువైతే వేరు నుంచి ఆకుకు జింక్ ఎక్కడం తగ్గుతుంది. నల్లరేగడిలో సున్నం ఎక్కువ, నిలువ నీళ్లు, పైగా యాసంగి చలి, ఇవన్నీ కలిసి ఉన్న కొద్ది జింక్‌నూ అందనియ్యవు. పైపాటుగా డీఏపీ చల్లడమే దండుగ, ఎందుకంటే భాస్వరం నేలలో కదలదు, పడ్డచోటనే మట్టికి పట్టేసుకుంటది. అది అడుగుమందుగా కరిగెటలోనే, అంటే నాటుకు ముందు దమ్ము చేసేటప్పుడే పడాలి.

ఇప్పుడు చేయాల్సింది: లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్. 20 లీటర్ల పంపుకు 40 గ్రాములు, ఎకరానికి 200 లీటర్ల నీళ్లు. ముందు బకెట్‌లో కరిగించి, బట్టతో వడగట్టి పోయండి, లేకుంటే నాజిల్ పట్టేస్తుంది. సాయంత్రం పూట, 5 రోజుల ఎడంతో 2-3 సార్లు కొట్టాలి. పురుగుమందు గానీ, భాస్వరం ఉన్న నీటిలో కరిగే ఎరువు గానీ అదే పంపులో కలపొద్దు. భాస్వరంతో కలిస్తే జింక్ కరగని మడ్డిగా అడుగుకు దిగుతుంది. పాత మచ్చలు పోవు, వాటిని చూసి మందు పనిచేయలేదనుకోవద్దు. కొత్తగా వచ్చే ఆకును చూడండి. అది శుభ్రంగా వచ్చేదాకా యూరియా ఆపండి.

వచ్చే పంటకు ఆఖరి కరిగెటలో ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ చల్లండి. ఇది 21 శాతం రకానికి లెక్క, 33 శాతం రకమైతే 12-13 కిలోలు సరిపోతుంది. డీఏపీకి, దీనికి కనీసం మూడు రోజుల ఎడం ఉంచండి.

కోత అయ్యాక మట్టి పరీక్ష చేయించండి, జింక్ కూడా చూడాలని మీ ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) ముందే చెప్పండి. పొలంలో 8-10 చోట్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పక్క గోడ నుంచి పలుచగా మట్టి చెక్కి, కలిపి, అరకిలో ఇవ్వాలి. ఫలితంలో జింక్ 0.6 పీపీఎం (పది లక్షల పాళ్లలో 0.6 పాలు) కన్నా తక్కువుంటే లోపమే. మట్టి కలపడానికి ప్లాస్టిక్ బకెట్టే వాడండి. జింక్ పూత ఉన్న ఇనుప బకెట్ వాడితే ఆ పూత మట్టిలో కలిసి, లోపం ఉన్న పొలానికి కూడా జింక్ బాగుందని రిపోర్టు వస్తుంది.