లండన్ డిజిటల్ రేడియో ఇక్కడ ఎందుకు పలకదంటే

మీ తమ్ముడు లండన్ నుంచి తెచ్చిన డ్యాబ్ (అక్కడి డిజిటల్ ప్రసార పద్ధతి) రేడియోలో బెంగళూరులో ఒక్క డిజిటల్ స్టేషనూ రావడం లేదు, రిపేరుకి ఇవ్వాలా అని అడిగారు కదా. వద్దండీ, సెట్ బాగానే ఉంది. మన ఆకాశవాణి డ్యాబ్ కాదు, డీఆర్ఎం (డిజిటల్ రేడియో మోండియల్) అనే వేరే డిజిటల్ పద్ధతి ఎంచుకుంది, రెండూ ఒకదాంట్లో ఒకటి పలకవు. మీ సెట్‌లో ఎఫ్ఎం ఉంటే 101.3 రెయిన్‌బో, 102.9 వివిధ భారతి హాయిగా వినొచ్చు.

డిజిటల్ వల్ల లాభం లేకపోలేదు. స్టేషన్‌కి కరెంటు ఖర్చు తగ్గుతుంది, ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకటికి మించి కార్యక్రమాలు పంపొచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఎల్ఈడీ లైటు వేయగానే మీడియం వేవ్‌లో మొదలయ్యే ఆ గరగర కూడా ఉండదు, కాకపోతే సిగ్నల్ బాగా తగ్గితే పాత రేడియోలా సన్నగానైనా వినపడదు, ఠక్కున ఆగిపోతుంది. అసలు చిక్కల్లా రిసీవర్ల దగ్గరే: కొన్ని కార్లలో కంపెనీవాళ్లే డీఆర్ఎం పెట్టి ఇస్తున్నారు గానీ ఇంట్లో పెట్టుకునే సెట్లు దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ. ట్రాన్స్‌మిటర్ల మీద అంత ఖర్చు పెట్టి చవక సెట్లు జనానికి అందించకపోవడం నాకైతే చాలా బాధగా ఉంటుంది.

అమ్మగారికి తెలుగు కార్యక్రమాలే కావాలంటే ఫోన్‌లో ఆకాశవాణి వాళ్ల న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ వేసి, బ్లూటూత్ స్పీకర్‌కి కలిపి ఇవ్వండి. హైదరాబాద్, విజయవాడ రెండూ వస్తాయి.