వాడి ప్రశ్న మీరు విన్నారా?

ప్రశ్న: మాది ఆదోని, పత్తి కమీషన్ వ్యాపారం. మా అబ్బాయి కర్నూలులో ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. కణాలను కాంతి వేగానికి దగ్గరగా పరిగెత్తించే యంత్రాల పిచ్చి పట్టి, ఫిజిక్స్ చదువుతానంటున్నాడు. ఎంత తోసినా ప్రోటాన్ కాంతిని ఎందుకు దాటదని నన్నే అడుగుతాడు. ఇవన్నీ పరీక్షలో వస్తాయా? ఏఐ బ్రాంచిలో బీటెక్, ఫిజిక్స్... రెండింట్లో ఏది మేలు? మీరే వాడికి నచ్చజెప్పాలి.

జవాబు: నచ్చజెప్పాల్సింది వాడికి కాదు, మీకు. వాడు అంత మంచి ప్రశ్న అడిగితే పరీక్షలో వస్తుందా అంటారా? ఇంకోసారి అలా అనకండి.

చిన్నప్పుడు పాత టైరును కర్రతో దొర్లించే ఉంటారు. ఒకేసారి బలంగా కొడితే పడిపోతుంది. వెంట పరిగెత్తుతూ, అదను చూసి ఒక్కో దెబ్బ వేస్తేనే వేగం అందుకుంటుంది. జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన కేంద్రంలో, 27 కిలోమీటర్ల గుండ్రటి సొరంగంలో జరిగేది దాదాపు ఇదే. ప్రోటాన్ తిరిగొచ్చిన ప్రతిసారీ విద్యుత్ క్షేత్రం సరిగ్గా ఆ క్షణంలో కొంచెం తోస్తుంది. అయస్కాంతాలు తోయవు, దారి వంచుతాయంతే. సెకనుకు 11 వేలకు పైగా చుట్లు, సుమారు 20 నిమిషాలు.

ఇక మీవాడి ప్రశ్న. చిన్న యంత్రాలు దాటి ఈ సొరంగంలోకి వచ్చేసరికే ప్రోటాన్ కాంతి కన్నా సెకనుకు 650 మీటర్లే వెనక ఉంటుంది. ఆ తర్వాత దాని శక్తి 15 రెట్లు పెరుగుతుంది. అయినా కాంతిని అందుకోదు, ఇంకా సెకనుకు 3 మీటర్లు వెనకే. ద్రవ్యరాశి ఉన్నది ఏదీ కాంతి వేగాన్ని చేరలేదు. అందుకే తోసినదాంట్లో దాదాపు అంతా వేగంలోకి కాక శక్తిలోకి పోతుంది.

మీ అసలు టెన్షన్ నాకు తెలుసు. ఫిజిక్స్ చదివితే ట్యూషన్లు చెప్పుకోవాల్సి వస్తుందని, నలుగురిలో చెప్పుకోలేమని. కానీ కణాలను పరిగెత్తించే ఈ యంత్రాలు, అంటే యాక్సిలరేటర్లు, మన దేశంలోనూ ఉన్నాయి: ఇందోర్‌లోని రాజా రామన్న కేంద్రంలో ఇండస్-2 ఉంది, కోల్‌కతాలో సైక్లోట్రాన్ ఉంది. క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ కూడా ఈ జాతిదే, ఎలక్ట్రాన్లను తోస్తుంది. రోగికి వెళ్లే డోసు లెక్క చూసే మెడికల్ ఫిజిసిస్టు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, ఆపైన ప్రత్యేక శిక్షణ తీసుకున్నవాడే.

ఒకటి మాత్రం దాచను. బీఎస్సీ ఒక్కటే సరిపోదు. ఎమ్మెస్సీకే ఐదేళ్లు, పరిశోధన అంటే ఇంకా ఎక్కువ. నాలుగేళ్లలో వాడి జీతం ఇంటికి కావాలంటే ఆ మాట వాడితో నేరుగా చెప్పండి, అర్థం చేసుకుంటాడు.

ఏఐ బ్రాంచి మీద నాకు చాలా అనుమానాలున్నాయి. పేరు కొత్తది, కానీ చాలా కాలేజీల్లో బోధించేది పాత కంప్యూటర్ సైన్సే. సిలబస్ చూశారా? పాఠం చెప్పేదెవరో కనుక్కున్నారా? పక్కింటివాళ్లు చేర్చారని చేరిస్తే, లెక్కల మీద ఇష్టం లేని పిల్లలు రెండో ఏడాదికే చతికిలబడటం నేను చూస్తూనే ఉన్నాను.

పరీక్షల వివరాలు వాడికే తెలుసు. ఈఏపీసెట్‌తో పాటు, సైన్స్ చదువులకున్న కేంద్ర సంస్థ తిరుపతి ఐసర్‌కు కూడా రాయనివ్వండి. బీటెక్‌లో చేరినా ఈ దారి మూసుకుపోదు. యాక్సిలరేటర్లకు ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్లు కావాలి, బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్ ఇంజనీర్లనూ ఫిజిక్స్ వాళ్లనూ తీసుకుంటుంది. కాబట్టి ఈ వారమే తేల్చేయాలని ఇంట్లో గొడవ పెట్టుకోకండి.

వాడు ఇంటికొచ్చినప్పుడు ఆ 3 మీటర్ల సంగతి అడగండి. చెప్పడం అయ్యేదాకా ఫోన్ పక్కన పెట్టి వినండి.