మీరు అడగలేదు కదా సార్!

ప్రశ్న: నమస్కారం సార్. మాది కర్నూలు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ ఆరేళ్లుగా ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తున్నాను. పోయిన నెల మా మేనేజర్ పిలిచి, కొత్త ప్రాజెక్టు నువ్వే లీడ్ చెయ్యి అన్నారు. ఓ బట్టల షోరూముల సంస్థకు 14 షాపుల్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చాలి. దసరా వారంలో మొదలుపెట్టేలా ప్లాన్ వేశాను. టీమ్‌లో ఏడుగురం, అందులో ఇద్దరు నాకంటే పెద్దవాళ్లు. మీటింగ్‌లో అందరూ సరే అంటారు. శుక్రవారం అడిగితే తొంభై శాతం అయిపోయిందంటారు. తర్వాతి శుక్రవారం అడిగినా అదే తొంభై! చివరికి రాత్రి పదకొండు దాకా నేనే కూర్చుని చేస్తున్నాను. ఇంకో ముగ్గుర్ని ఇస్తానంటున్నారు మేనేజర్. తీసుకోవాలా? పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్ సర్టిఫికెట్) కోర్సు చేస్తే ఇవన్నీ వస్తాయా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఆ తొంభై శాతం కాదమ్మా, దసరా వారం. దాని సంగతి చెప్పేముందు నా పరువు కొంచెం తీసుకుంటాను.

చెన్నైలో ఓ విడిభాగాల కంపెనీలో పనిచేసే రోజుల్లో, అంబత్తూరు నుంచి ఒరగడం దగ్గర కొత్త షెడ్డుకు స్టోర్స్ మార్చే పని నాకు అప్పగించారు. ఎక్సెల్‌లో 140 వరుసల ప్లాన్ వేశాను. రంగులు కూడా వేశానండోయ్. ర్యాకులు, క్రేన్, ట్రైలర్లు, ఇన్సూరెన్సు, అన్నీ ఉన్నాయి. నవంబరు రెండో వారం ముహూర్తం. ఆ ఉదయం వెళ్లి చూస్తే షెడ్డు ముందు రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. ట్రైలర్లు వరుసగా ఆగిపోయాయి. గేటు దగ్గర వాచ్‌మన్ తాపీగా 'వరుషా వరుషం ఇప్పడిదాన్ సార్' అన్నాడు. ఏటా ఇంతేనట. ముందే చెప్పొచ్చు కదయ్యా అంటే, 'నీంగ కేక్కలయే' అన్నాడు. మీరు అడగలేదు కదా అని. నెల్లూరు వాణ్ని, ఈశాన్య రుతుపవనాలు నాకు ఎవరైనా చెప్పాలా? నీళ్లు తీసేదాకా తొమ్మిది రోజులు. లారీలకు హాల్టింగ్ చార్జీల బిల్లు మీద సంతకం పెడుతూ మా జీఎం నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు చెప్పండి. ఆ 14 షాపుల్లో కౌంటర్ మీద బిల్లు కొట్టే అమ్మాయితో మీ టీమ్‌లో ఎవరైనా మాట్లాడారా? దసరా ముందు నుంచి దీపావళి దాకా బట్టల షాపులో మంచినీళ్లు తాగడానికి కూడా తీరిక ఉండదు. ఆ రద్దీలో కొత్త స్క్రీన్ పెడితే క్యూ వీధిలోకి వస్తుంది. క్లయింట్ ఆఫీసులో సంతకం పెట్టిన పెద్దమనిషికి ఈ మాట తోచకపోవచ్చు. రేపే ఓ షాపుకి వెళ్లండి. చీర ఒకటి కొని, బిల్లు కౌంటర్ దగ్గర అరగంట నిలబడండి. తేదీ మార్చమని అడగడానికి కావలసిన సరుకంతా అక్కడే దొరుకుతుంది.

ఇక తొంభై శాతం. అది కొలత కాదు, మొహమాటం. పని ఇచ్చేటప్పుడే, ఏది కనబడితే అయినట్టో చెప్పాలి. 'బిల్లింగ్ మాడ్యూల్ అయిందా' అని అడగకండి. 'డిస్కౌంట్ ఉన్న చీర ఒకటి, వాపసు వచ్చిన చొక్కా ఒకటి, ఈ రెండింటి బిల్లు ప్రింటర్ మీద ఎప్పుడు చూపిస్తారు?' అని అడగండి. బుధవారం అన్నారనుకోండి, బుధవారం ప్రింటర్ దగ్గర నిలబడండి. కాగితం వచ్చిందా, లేదా? అంతే. మీరు టెస్టింగ్ నుంచి వచ్చినవారు, ఇది మీకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు.

పనుల్లో ఏది ఆగితే అన్నీ ఆగుతాయో కూడా తెలియాలి. మీ ప్రాజెక్టు ఉజ్జాయింపుగా ఇలా ఉంటుందనుకుందాం: ధరలు, స్టాకు వివరాలు క్లయింట్ నుంచి రావడానికి 10 పనిదినాలు, వాటిని ఎక్కించడానికి 4, టెస్టింగ్‌కు 8. ఒకటి అయితేగానీ ఇంకోటి మొదలవదు కాబట్టి మొత్తం 22. పక్కన కౌంటర్ వాళ్లకు శిక్షణ నోట్సు రాయడానికి 5 రోజులు. నోట్సు రెండు వారాలు ఆలస్యమైనా కొంప మునగదు. ధరల ఫైలు ఒక్క రోజు ఆగితే ప్రాజెక్టంతా ఒక రోజు జరుగుతుంది. దీన్నే క్రిటికల్ పాత్ అంటారు. 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తన రసాయన కర్మాగారాల పనుల కోసం తయారుచేయించుకున్న పద్ధతి. మీరు రాత్రి పదకొండు దాకా కూర్చుని చేస్తున్న పని ఈ వరుసలో ఉందా, పక్క వరుసలోదా? చూసుకోండి. నా అనుమానం, మీరు నోట్సు దిద్దుతున్నారు, ధరల ఫైలు క్లయింట్ మెయిల్‌బాక్సులో నిద్రపోతోంది.

ఆ ఇద్దరు సీనియర్ల మాట. మీటింగ్‌లో నలుగురి ముందు ఎవరూ కాదనరు. ముందురోజు టీ దగ్గర విడిగా అడగండి: 'అన్నా, ఇది ఎక్కడ దెబ్బతింటుందంటారు?' అని. లీడ్ అయ్యాక అలా అడిగితే చులకనైపోతామేమో అనిపిస్తుంది. నాకూ అనిపించింది, వాచ్‌మన్ దాకా.

కొత్తగా ముగ్గురు వద్దు, ఇప్పుడు కాదు. ఐబీఎంలో సిస్టమ్/360 అనే కంప్యూటర్ల సాఫ్ట్‌వేర్ పనిని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని. ఏడుగురిలో ఇద్దరిద్దరు మాట్లాడుకునే జతలు 21. పదిమంది అయితే 45. పైగా వాళ్లకు పని నేర్పేది మీరే. ఎలాగూ ఇస్తానంటున్నారు కాబట్టి, క్లయింట్ వెంటపడి ఫైళ్లు తెప్పించే ఒక్క మనిషిని అడగండి.

పీఎంపీకి నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లు కూడా ప్రాజెక్టులు నడిపిన 36 నెలల అనుభవం, 35 గంటల శిక్షణ చూపించాలి. నెల కిందట లీడ్ అయిన మీకు ఇంకా టైముంది. పీఎంపీ ఇచ్చే పీఎంఐ సంస్థే కొత్తవాళ్ల కోసం ఇచ్చే సర్టిఫికెట్ సీఏపీఎం. దానికి ప్రాజెక్టు అనుభవం అక్కర్లేదు, 23 గంటల శిక్షణ చాలు. పదాలు, లెక్కలు పట్టుబడతాయి, చేయండి. అయితే ఫీజు మీ జేబులోంచి కట్టేముందు, కంపెనీ ఇస్తుందేమో హెచ్ఆర్‌ని ఒకసారి అడగండి.