డిగ్రీకి కాలేజీ చూస్తున్నారా? ముందు బస్సు వేళ కనుక్కోండి

ఒకే కాలేజీలో చదివినా కొందరే ఎందుకు పైకి వస్తారు, మా తమ్ముణ్ణి ఏ కాలేజీలో చేర్పించాలి అని మీరు అడిగారు. తెలివి తేడా అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను.

నల్లగొండలో బీఎస్సీ చదివాను. మొదటి ఏడాది మునుగోడు అవతల ఉన్న మా ఊరి నుంచి బస్సు పాసు మీద వచ్చిపోయేవాణ్ణి. రెండో ఏడాది బీసీ హాస్టల్లో సీటు దొరికింది. అధ్యాపకులు మారలేదు, నా బుర్రా మారలేదు. మార్కులు మారాయి.

ప్రాక్టికల్స్ మధ్యాహ్నం ఉండేవి. నాలుగున్నర బస్సు తప్పితే ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. అందుకని పక్కవాడి రికార్డులోని అంకెలు దింపుకుని బస్టాండుకు పరుగెత్తేవాణ్ణి. టైట్రేషన్‌లో ఒక్క చుక్కతో ద్రావణం లేత గులాబీకి తిరగడం రెండో ఏడాదిదాకా నా కళ్లతో చూడలేదు. చదివేదేమో రసాయన శాస్త్రం! పత్తి ఏరే రోజుల్లో కాలేజీ ముఖమే చూసేవాణ్ణి కాదు.

హాస్టల్లో చారు నీళ్లలా ఉండేది. అయినా సాయంత్రాలు నావయ్యాయి. నేను ఊహించని లాభం ఇంకొకటి: కబుర్లు. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకు గడువు ఎప్పుడో, ఆదాయ ధ్రువపత్రం ముందే ఎందుకు తీసుకోవాలో పై తరగతి అన్న ఒకాయన భోజనాల దగ్గర చెప్పారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. ఊళ్లో ఆ సంగతులు చెప్పేవారు ఎవరున్నారు? నాతో బస్సులో వచ్చిన మిత్రుడు లెక్కల్లో నాకన్నా గట్టివాడు. అతనికి ఆ పరీక్ష ఒకటుందని ఫలితాలు వచ్చాకే తెలిసింది. నేనైనా చెప్పాల్సింది. తెలిసే ఉంటుందనుకున్నాను.

తేడా తెలివిలో కాదు, వసతుల్లో ఉందన్న సంగతి ప్రభుత్వానికీ కొత్త కాదు. మా పక్కనే సర్వేలులో 1971లో గురుకుల పాఠశాల పెట్టి, ఊరి పిల్లలను అక్కడే ఉంచి చదివించారు. 2008లో మొదలైన బాసర ట్రిపుల్ ఐటీలో, ప్రభుత్వ బడి పిల్లల పదో తరగతి గ్రేడు సగటుకు 0.4 కలిపి సీట్లిచ్చే పద్ధతి పెట్టారు.

తెలంగాణలో డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే ‘దోస్త్’లో మీ తమ్ముడికి ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ భవనం ఫొటోలు తరువాత చూడండి. హాస్టల్ సీటు వస్తుందా, రాకపోతే ప్రాక్టికల్స్ ముగిశాక మీ ఊరికి బస్సు ఉందా అని అక్కడ చదివే పిల్లలనే అడగండి. వాళ్లు బస్టాండులోనే దొరుకుతారు.