ఆటలమ్మ పోసిన బాబుకు ఆస్పిరిన్ వేయవచ్చా?

ఆటలమ్మ పోసిన ఆరేళ్ల బాబుకు జ్వరం తగ్గడానికి ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ సగం మాత్ర వేయవచ్చా అని అడిగారు. వేయకండి. సగం కాదు, పావు కూడా వద్దు.

మా అక్క కొడుకుకు ఏడేళ్లప్పుడు ఇలాగే పోసింది. మంచం మీద వేపమండలు, గడపకు పసుపు, అన్నీ పద్ధతిగానే జరిగాయి. జ్వరానికి వీధి చివరి మందుల దుకాణం నుంచి మాత్రలు తెచ్చి మూడు రోజులు వేశారు. పొక్కులు మాడాయి, పిల్లవాడు అడిగి మరీ పెరుగన్నం తిన్నాడు. గండం గడిచిందనుకున్న రాత్రే వాంతులు పట్టుకున్నాయి. అజీర్తి అనుకుని వాము నీళ్లు పట్టారు. తెల్లవారాక అక్క ముఖం తుడవబోతే ‘ఎవరు నువ్వు?’ అని అరిచి చెయ్యి కొరికాడు. ఎన్నడూ తల్లికి ఎదురు చెప్పని పిల్లవాడు! అమ్మవారికి కోపం వచ్చిందని ఇరుగుపొరుగు వారు అంటూ ఉండగానే మగతలోకి జారిపోయాడు.

హైదరాబాదు తీసుకువెళ్తే డాక్టరు గారు ముందు అడిగింది ‘ఏ మాత్ర వేశారు?’ అని. అక్క కొంగుముడి విప్పి స్ట్రిప్పు ముక్క చూపించింది. కత్తెరతో కత్తిరించిన ముక్క. పేరున్న భాగం దుకాణంలోనే ఉండిపోయింది. బావ ఆ దుకాణదారును ఫోనులో పట్టుకుని పేరు చెప్పించేసరికి రెండు గంటలు గడిచాయి. ఆస్పిరిన్. పేరు లేని ముక్క చేతిలో పెట్టే ఈ అలవాటు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నాలుగు మాత్రలే కొన్నా, కొన్నవాడికి అది ఏ మందో తెలియాలి కదా!

రక్తంలో అమ్మోనియా పెరిగింది, చక్కెర పడిపోయింది, కాలేయం దెబ్బతింది, మెదడు వాచింది. రే సిండ్రోమ్ అన్నారు. 1963లో సిడ్నీ పిల్లల ఆసుపత్రిలో పనిచేసే డగ్లస్ రే 21 మంది పిల్లలలో దీన్ని గుర్తించి రాశారు. వారిలో 17 మంది దక్కలేదు. మాత్ర వల్లే వచ్చిందని కచ్చితంగా చెప్పలేమన్నారు మా డాక్టరు గారు. నేను మాత్రం దాని వల్లేనంటాను. అమెరికాలో 1980లో 555 కేసులు వచ్చాయి. పిల్లలకు ఆస్పిరిన్ వద్దని హెచ్చరికలు చేశాక, 1994 నుంచి 1997 వరకు ఏడాదికి రెండు మించలేదు. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

మావాడు పదకొండో రోజున కళ్లు తెరిచాడు. ఓనమాలు మళ్లీ దిద్దించాల్సి వచ్చింది.

మీరు ఇప్పటికే ఒక మోతాదు వేసి ఉంటే రెండోది ఆపి ఈ రోజే డాక్టరుకు చెప్పండి. వాంతులు ఆగకపోయినా, బాబు మాట తీరు మారినా తెల్లవారేదాకా చూడకండి. పెద్దాసుపత్రికి వెళ్లండి, ఆ స్ట్రిప్పు వెంట తీసుకువెళ్లండి.