స్నేహితుల్లో కలిసిపోవాలి, కానీ నాకు నచ్చనిది చేయకూడదు. ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: బీటెక్ రెండో ఏడాది, హాస్టల్. మందు తాగనందుకు గ్యాంగ్‌లో అందరూ ‘స్వామీజీ’ అంటున్నారు. పార్టీలకు వెళ్లడం మానేస్తే ఇక ఎవరూ పలకరించరేమోనని టెన్షన్.

మానకండి. వెళ్లండి, తాగకండి. రెండూ కుదురుతాయి.

నాది తెనాలి. తాతయ్య హార్మోనియం వాయించేవారు కాబట్టి పౌరాణిక నాటకాల పద్యాలు వింటూ పెరిగాను. ఆ పిచ్చి హైదరాబాద్ హాస్టల్‌కి కూడా నాతోపాటే వచ్చింది. స్నానం చేస్తూ రాగం తీస్తే చాలు, బయట తలుపు బాది ‘వన్స్‌మోర్’ అని అరిచేవారు. నాటకాల్లో జనం మెచ్చుకుని అరిచే వన్స్‌మోర్ కాదు లెండి. దానికి తోడు మందు ముట్టను, అందుకు నన్నూ ‘స్వామీజీ’ అనేవారు. ఇక ఏడిపించడానికి వాళ్లకు ఇంకేం కావాలి?

కొన్నిటికి నేను నలుగురితో పాటు నారాయణా అన్నాను. క్రికెట్ నాకు పెద్దగా పట్టదు, అయినా కామన్ రూమ్‌లో మ్యాచ్ చూసేవాణ్ని. అర్ధరాత్రి చాయ్‌కి పిలిస్తే చొక్కా తగిలించుకుని బయల్దేరేవాణ్ని. ట్రెడిషనల్ డేకి అందరూ ఒకే రంగు లాల్చీ అంటే కొన్నాను, ఆ రంగు చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. వీటివల్ల నాకు పోయిందేమీ లేదు. నిజానికి స్నేహాలు కుదిరింది చాయ్ దగ్గరే, పార్టీల్లో కాదు. పద్యాలూ, తాగకపోవడమూ మాత్రం వదల్లేదు.

పార్టీలో పనికొచ్చే సంగతులు కొన్ని చెబుతాను. వెళ్లగానే థమ్సప్ పోసుకుని గ్లాసు చేతిలో పెట్టుకోండి. చెయ్యి ఖాళీగా కనిపిస్తేనే ఎవడో ఒకడు పోయడానికి వస్తాడు. సాకులు చెప్పకండి. ‘టాబ్లెట్లు వాడుతున్నాను’ అంటే పై వారం ‘కోర్సు అయిపోయిందిగా’ అని మళ్లీ పట్టుకుంటారు. ‘నేను తాగను రా’ అనేసి, వెంటనే ఆ చికెన్ ప్లేటు ఇటు జరపమనండి. డబ్బు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి: తిండి ఖర్చులో వాటా వేస్తాను, మందు ఖర్చులో వేయను. మొహమాటపడి ఊరుకుంటే నెలాఖరుకి ఇంటికి ఫోన్ చేసి డబ్బులడగాల్సింది మీరే.

ఏడిపించడం ఎలా తగ్గిందంటే, మా రూమ్మేట్ వల్ల. వరంగల్ అబ్బాయి. ప్రతి పార్టీలో గ్లాసు పట్టుకుని తిరిగేవాడు. ఒకరోజు ‘నాకూ ఇది పడదు రా, ఏమనుకుంటారోనని పట్టుకుంటాను’ అన్నాడు. తర్వాతి పార్టీలో వాడూ థమ్సప్ తీసుకున్నాడు. ఇద్దరమయ్యేసరికి స్వామీజీ జోకు తుస్సుమంది.

సాలమన్ ఆష్ అనే సైకాలజిస్టు 1950ల్లో అమెరికాలో చేసిన ప్రయోగాల గురించి చదివినప్పుడు నాకు వీడే గుర్తొచ్చాడు. ఏ గీత పొడవు ఏ గీతతో సరిపోతుందో చెప్పాలి, అంతే. గదిలో మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకుని తప్పు చెబుతుంటే, అసలు సంగతి తెలియని మనిషి మూడింట ఒక వంతు సార్లు కళ్లెదురుగా ఉన్నదాన్ని కాదని తప్పుకే తలూపాడు. కానీ గదిలో ఇంకొక్కరు నిజం చెబితే చాలు, అలా తలూపడం బాగా తగ్గిపోయింది. అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ విద్యార్థుల మీద 1993లో వచ్చిన అధ్యయనం మా రూమ్మేట్ లాంటివాళ్ల గురించే: క్యాంపస్‌లో తాగుడు విషయంలో తమకున్న ఇబ్బంది మిగతావాళ్లకు అంతగా లేదని చాలామంది అనుకుంటున్నారు. అంటే ఎవరికి వారే తాను ఒక్కడే అనుకుంటూ గ్లాసులు పట్టుకుంటున్నారన్నమాట!

బలవంతంగా నోట్లో పోయడం, తాగకపోతే రూమ్‌లోకి రానివ్వకపోవడం లాంటివి జరిగితే అది స్నేహంలో వచ్చే ఒత్తిడి కాదు, ర్యాగింగ్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే దానికి చట్టం తెచ్చారు. అక్కడ సర్దుకుపోవద్దు, వార్డెన్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి.

మీది అంత దూరం పోయినట్టు లేదు. ఈసారి పార్టీలో కాస్త గమనించండి, గంట గడిచినా గ్లాసు సగం కూడా ఖాళీ చేయనివాడు ఒకడు ఉంటాడు. మర్నాడు వాణ్ని చాయ్‌కి పిలవండి.